ట్రాన్స్‌పోర్ట్, ఎనర్జీ లెక్కల్లో ఏ కొలత ఎప్పుడు పట్టుకోవాలి

బస్సు బెటరా కారు బెటరా, ఈవీ (కరెంట్ బండి) నిజంగా ఎనర్జీ మిగులుస్తుందా, సరుకు రైల్లో ఎక్కువ పోతుందా లారీల్లోనా, ఇలాంటి వాదనల్లో తరచూ ఒక వింత జరుగుతుంది, ఇద్దరి దగ్గరా నిజమైన నంబర్లే ఉంటాయి, ఇద్దరూ తామే గెలిచామనుకుంటారు. చెరో కొలత పట్టుకుని కూర్చోవడమే కారణం. అందుకని టేబుల్ తెరిచే ముందే ప్రశ్నని ఒక పూర్తి వాక్యంలో రాసుకోండి, ఆ తర్వాత భాగాహారంలో కింద ఏం పెట్టాలో తేల్చుకోండి. పైన ఉండే నంబర్ దగ్గర అందరూ జాగ్రత్తగానే ఉంటారు, కింద ఏముందో ఎవరూ చూడరు, ఫలితం తారుమారయ్యేది మాత్రం అక్కడే.

మనుషుల ప్రయాణాలతో మొదలుపెడదాం. ఇక్కడ ముఖ్యంగా మూడు కొలతలు పోటీ పడతాయి: వెహికల్ కిలోమీటర్, ప్యాసింజర్ కిలోమీటర్, సీట్ కిలోమీటర్. ఒక బండి ఒక కిలోమీటర్ తిరిగితే మొదటిది, ఒక మనిషి ఒక కిలోమీటర్ పోతే రెండోది, ఒక సీటు, దాంట్లో ఎవరున్నా లేకపోయినా, ఒక కిలోమీటర్ కదిలితే మూడోది. లెక్కకోసం ఒక 50 సీట్ల బస్సు 100 కిలోమీటర్లకి 30 లీటర్లు తాగుతుంది, 5 సీట్ల కారు 6 లీటర్లు తాగుతుంది అనుకోండి. వెహికల్ కిలోమీటర్ మీద చూస్తే బస్సు ఐదు రెట్లు దండగ. సీట్ మీద చూస్తే బస్సుకి 0.6 లీటర్లు, కారుకి 1.2, అంటే బస్సు సగం. ఇప్పుడు బస్సులో 40 మంది, కారులో సగటున ఒకటిన్నర మంది ఉన్నారనుకుంటే మనిషికి 0.75 లీటర్లు, 4 లీటర్లు, ఇక పోలికే లేదు. కానీ అదే బస్సు రాత్రి పది దాటాక నలుగురితో తిరిగితే మనిషికి 7.5 లీటర్లు, కారే నయం. ఈ నాలుగు లెక్కల్లో తప్పు ఒక్కటీ లేదు.

మరి ఏది వాడాలి అంటే, రోడ్డు మీద రద్దీ, రోడ్డు అరుగుదల, బండి నిర్వహణ ఖర్చు గురించి అయితే వెహికల్ కిలోమీటర్. జనం ఎంత తిరుగుతున్నారు, మనిషికి ఎంత ఇంధనం పడుతోంది అంటే ప్యాసింజర్ కిలోమీటర్. టెక్నాలజీని టెక్నాలజీతో పోల్చాలంటే, అంటే జనం ఎక్కారా లేదా అన్నది పక్కనపెట్టి బండి ఎంత బాగా డిజైన్ చేశారో చూడాలంటే, సీట్ కిలోమీటర్. ఎయిర్‌లైన్స్ వాళ్ళు రెండూ విడివిడిగా ఇస్తారు, నిండిన సీట్ల కిలోమీటర్లని ఉన్న సీట్ల కిలోమీటర్లతో భాగిస్తే లోడ్ ఫ్యాక్టర్ వస్తుంది, అది పక్కనే ఉంటుంది కాబట్టి చదివేవాడు మోసపోడు. బస్సు, కారు లెక్కల్లో మాత్రం ఆక్యుపెన్సీ, అంటే బండికి ఎంతమంది ఎక్కారన్నది, ఎంత పట్టుకున్నారో చాలాసార్లు ఫుట్‌నోట్లో దాక్కుని ఉంటుంది, నన్నడిగితే ఆ ఫుట్‌నోట్ దొరకని టేబుల్‌ని మనిషికింత అన్న పోలికకి వాడనే కూడదు.

ట్రిప్పుల సంఖ్య అనేది ఇంకో దారి, దాన్ని చిన్నచూపు చూడొద్దు. ఏ పద్ధతిలో ఎంతమంది వెళ్తున్నారు అన్న వాటాలు కిలోమీటర్ల మీద తీస్తే నడక దాదాపు కనిపించదు, ఎందుకంటే ఎవరూ వంద కిలోమీటర్లు నడవరు, అదే ట్రిప్పుల మీద తీస్తే నడక ఒక్కసారిగా పెద్ద వాటా అయిపోతుంది. ఫుట్‌పాత్‌లు ఎక్కడ వేయాలో తేల్చేవాళ్ళకి ట్రిప్పులే కావాలి, ఇంధనం ఎంత దిగుమతి చేసుకోవాలో చూసేవాళ్ళకి కిలోమీటర్లు కావాలి. ట్రిప్పుల్లో ఒక చిక్కు ఉంది, ఒక మనిషి బస్సెక్కి దిగి మెట్రో ఎక్కితే అది ఒక ప్రయాణమా రెండా? అమెరికాలో పబ్లిక్ ట్రాన్సిట్ లెక్కలు ఎక్కినన్నిసార్లూ ఒకటిగా లెక్కేస్తాయి, ఇంటింటి సర్వేలు సాధారణంగా ఇంటి నుంచి గమ్యం దాకా ఒక ట్రిప్పుగా తీసుకుంటాయి. ఎయిర్‌పోర్టుల్లో కూడా అంతే, మధ్యలో ఫ్లైట్ మారిన మనిషి ఆ ఎయిర్‌పోర్టు లెక్కలో దిగినప్పుడు ఒకసారి, ఎక్కినప్పుడు ఒకసారి పడతాడు, అందుకే కనెక్షన్ల మీద బతికే ఎయిర్‌పోర్టు నంబర్ భారీగా కనిపిస్తుంది, ఆ ఊరికి అంతమంది వచ్చారని కాదు.

ప్రమాదాల రేటు కూడా ఇదే బాపతు. విమానం కిలోమీటర్ మీద లెక్కేస్తే చాలా బాగా కనిపిస్తుంది, ఎందుకంటే రిస్క్ ఎక్కువగా టేకాఫ్, ల్యాండింగ్ దగ్గరుంటుంది, మధ్యలో వేల కిలోమీటర్లు ఊరికే కలిసొస్తాయి. ట్రిప్పు మీద వేస్తే ఆ ఆధిక్యం తగ్గుతుంది. ఒకే దూరం ఎలా వెళ్ళాలి అన్న ప్రశ్నకి కిలోమీటర్ లెక్క న్యాయమే, ఈ ఒక్క ప్రయాణంలో నా రిస్క్ ఎంత అంటే ట్రిప్పు లెక్క. రోడ్డు మరణాల్లో అంతర్జాతీయంగా వాడే నిర్వచనం ప్రమాదం జరిగిన 30 రోజుల్లోపు చనిపోతే లెక్కలోకి తీసుకోవడం, రెండు దేశాలు పోల్చేటప్పుడు ఇద్దరూ అదే గడువు పాటిస్తున్నారో లేదో చూడండి చాలు.

సరుకు దగ్గరికొస్తే టన్నులా, టన్ను కిలోమీటర్లా అన్నదే అసలు ఎంపిక. 100 టన్నులు 10 కిలోమీటర్లు మోసినా, 10 టన్నులు 100 కిలోమీటర్లు మోసినా టన్ను కిలోమీటర్లు వెయ్యే. కానీ లోడింగ్ పని మొదటిదాంట్లో పదింతలు. అందుకని యార్డు, పోర్టు, క్రేన్ల సామర్థ్యం గురించి అయితే టన్నులు, ఇంధనం, ఏ రవాణాకి ఎంత వాటా అంటే టన్ను కిలోమీటర్లు. ఇంకో సంగతి, ఒకే సరుకు లారీలో పోర్టుకి వెళ్ళి, ఓడెక్కి, అవతల మళ్ళీ లారీ ఎక్కితే మూడు చోట్లా టన్నులుగా లెక్కపడుతుంది, మూడూ కూడితే మూడింతలు. టన్ను కిలోమీటర్లలో ఆ బాధ లేదు, ఏ ముక్క దూరం ఆ ముక్కదే. మొత్తాలు కూడాల్సి వస్తే నేను కళ్ళు మూసుకుని టన్ను కిలోమీటర్లే తీసుకుంటాను.

అలాగని అది సర్వరోగ నివారిణి కాదు. ఖాళీగా తిరిగొచ్చే లారీ టన్ను కిలోమీటర్లలో సున్నా, డీజిల్ మాత్రం తాగుతుంది, దాన్ని పట్టుకోవాలంటే వెహికల్ కిలోమీటర్లు పక్కన పెట్టుకోవాల్సిందే. దూది, థర్మోకోల్ లాంటి తేలిక సరుకు బండి నింపేస్తుంది కానీ బరువు లెక్కలో కనపడదు. రైల్వేల్లో గ్రాస్, నెట్ అని రెండుంటాయి, గ్రాస్‌లో వ్యాగన్ల బరువు కూడా కలుస్తుంది, పట్టాల అరుగుదలకి అది సరైనది, లారీతో పోల్చడానికి మాత్రం నెట్ తీసుకోవాలి. ఓడల్లో అయితే ఇంకా తమాషా, గ్రాస్ టన్నేజ్ అనేది అసలు బరువే కాదు, ఓడ లోపలి మొత్తం ఘనపరిమాణం నుంచి ఒక ఫార్ములాతో తీసే సంఖ్య, 1969 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం, అది 1982లో అమల్లోకొచ్చింది. ఓడ ఎంత బరువు మోయగలదు అన్నదానికి డెడ్‌వెయిట్ టన్నేజ్ చూడాలి, దాంట్లో సరుకుతో పాటు ఇంధనం, నీళ్ళు, సిబ్బంది కూడా కలిసుంటాయి. కంటైనర్ ఓడలకి ఈ రెండూ కాదు, 20 అడుగుల కంటైనర్ ఒకటిగా లెక్కేసే టీఈయూ, 40 అడుగులదైతే రెండు.

ఇక ఎనర్జీ. ఈ మొత్తం విషయంలో ఎక్కువ గొడవలు ఇక్కడే కాబట్టి కాస్త ఎక్కువసేపు ఆగుదాం. ప్రైమరీ ఎనర్జీ అంటే బొగ్గు, క్రూడ్, గ్యాస్ లాగా ప్రకృతి నుంచి తీసిన దశలో ఉన్నది, ఫైనల్ ఎనర్జీ అంటే వాడేవాడి చేతికి చేరింది, అంటే ట్యాంకులో పెట్రోల్, ప్లగ్గులో కరెంట్, యూజ్‌ఫుల్ ఎనర్జీ అంటే దాంట్లోంచి నిజంగా పనికొచ్చింది, అంటే చక్రం తిప్పిన భాగం. ఈవీ పోలిక ఒకటి వేసి చూద్దాం. పెట్రోల్ కారు 100 కిలోమీటర్లకి 6 లీటర్లు, లీటర్ పెట్రోల్లో దాదాపు 8.9 కిలోవాట్ అవర్లు (కరెంటు బిల్లులో యూనిట్లు ఇవే) ఉంటాయి కాబట్టి మొత్తం 53 దాకా. ఈవీ అదే దూరానికి బ్యాటరీ నుంచి 17 కిలోవాట్ అవర్లు తీసుకుందనుకోండి. ఇక్కడితో ఆపితే ఈవీ మూడోవంతుతో సరిపెట్టింది. ఛార్జింగ్, లైన్ నష్టాలు ఒక పది శాతం కలిపితే 19 అవుతుంది, ఆ కరెంట్ 35 శాతం ఎఫిషియెన్సీ ఉన్న బొగ్గు ప్లాంట్ నుంచి వస్తే ప్రైమరీలో 54, అంటే పెట్రోల్ కారుతో సమానం. ఆగండి, పెట్రోల్‌ని తవ్వి, శుద్ధి చేసి, మోసుకొచ్చే ఎనర్జీ ఒక ఐదోవంతు దాకా కలపాలి కదా, అప్పుడు కారు 64 అవుతుంది. కరెంట్ గాలి నుంచో నీళ్ళ నుంచో వస్తే ఈవీ మళ్ళీ 19 దగ్గరికి దిగిపోతుంది.

కాబట్టి బండిని బండితో పోల్చాలంటే ట్యాంక్ నుంచి చక్రం దాకా లెక్క సరిపోతుంది, విధానాల గురించి, కాలుష్యం గురించి మాట్లాడాలంటే బావి (ఇంధనం తవ్వి తీసిన చోటు) నుంచి చక్రం దాకా మొత్తం చూడాలి. చేయకూడనిది ఒక్కటే, ఒకదానికి బావి నుంచి, రెండోదానికి ట్యాంక్ నుంచి తీసుకోవడం. రెండు పక్షాల వాళ్ళూ ఇదే చేస్తారు, ఎవరికి అనుకూలమైన చోట వాళ్ళు గీత గీస్తారు.

ప్రైమరీలో ఇంకో మెలిక ఉంది. గాలి, సూర్యుడు, నీళ్ళ నుంచి వచ్చే కరెంట్‌కి ఇంధనమే లేదు కదా, మరి ప్రైమరీ ఎంత అని రాయాలి? అంతర్జాతీయ ఎనర్జీ ఏజెన్సీ పద్ధతిలో వీటికి వచ్చిన కరెంట్‌నే ప్రైమరీ అని రాస్తారు, న్యూక్లియర్‌కి మాత్రం ప్లాంట్ ఎఫిషియెన్సీ 33 శాతం అని పట్టుకుని వచ్చిన కరెంట్‌కి మూడింతలు రాస్తారు. అంటే ఒకే పరిమాణం కరెంట్ ఇచ్చినా టేబుల్లో న్యూక్లియర్ జలవిద్యుత్ కంటే మూడు రెట్లు పెద్దగా కనిపిస్తుంది. ఇంకొందరు గాలి, సౌర కరెంట్‌ని కూడా బొగ్గు, గ్యాస్ లాంటి ఇంధనం కాల్చే ప్లాంట్లలో తయారుచేస్తే ఎంత ఇంధనం పట్టేదో అంత రాస్తారు, అమెరికా ఎనర్జీ సమాచార సంస్థ కూడా చాలాకాలం అలాగే రాసి 2023లో పద్ధతి మార్చుకుంది. అందుకే పాత రిపోర్టులో రెన్యూవబుల్స్ వాటా, కొత్త రిపోర్టులో వాటా పక్కపక్కన పెట్టి తగ్గిపోయింది అని రాసేవాళ్ళని నమ్మకండి. కరెంట్ వనరులను పోల్చాలంటే ప్రైమరీ జోలికే పోకుండా ఉత్పత్తి అయిన కరెంట్ మీద పోల్చడం నయం.

కెపాసిటీ, ఉత్పత్తి కలిపేయడం కూడా మామూలే. 100 మెగావాట్ల ప్లాంట్ ఏడాదికి ఉండే 8,760 గంటలూ ఫుల్లుగా నడిస్తే 8,76,000 మెగావాట్ అవర్లు. కెపాసిటీ ఫ్యాక్టర్, అంటే ఆ ఫుల్లులో నిజంగా ఉత్పత్తి అయిన వాటా, 20 శాతం అయితే 1,75,200, 90 శాతం అయితే 7,88,400. గ్రిడ్ పీక్‌లో ఎంత తట్టుకోవాలి, ఛార్జర్ ఎంత వేగం అంటే కిలోవాట్లు, ఎంత కరెంట్ వాడాం అంటే కిలోవాట్ అవర్లు, అంటే బిల్లులో ఉండే యూనిట్లు.

యూనిట్ల ఎంపిక గురించి నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా: రకరకాల ఇంధనాలు కలిపి రాస్తుంటే జౌల్స్, కరెంట్ మాత్రమే అయితే కిలోవాట్ అవర్, మిగతావి పాత టేబుల్స్ చదవడానికి మాత్రమే. కిలోవాట్ అవర్ అంటే 3.6 మెగాజౌల్స్. టన్ను ఆయిల్ ఈక్వివలెంట్ 41.868 గిగాజౌల్స్, అంటే 11,630 కిలోవాట్ అవర్లు, ఇది నిర్వచనం కాబట్టి మారదు. బీటీయూ (పాత బ్రిటిష్ వేడి యూనిట్) దాదాపు 1,055 జౌల్స్, అమెరికా వాళ్ళు వాడే క్వాడ్ అంటే పది కోట్ల కోట్ల బీటీయూలు, అది ఒక ఎక్సాజౌల్ కంటే కాస్త ఎక్కువ. బ్యారెల్ మాత్రం ఎనర్జీ కాదు, 42 అమెరికన్ గ్యాలన్ల ఘనపరిమాణం, 159 లీటర్ల దాకా. రోజుకి పది లక్షల బ్యారెళ్ళు అంటే ఏడాదికి సుమారు 5 కోట్ల టన్నుల క్రూడ్ అని గుర్తుపెట్టుకుంటే వార్తలు చదవడం తేలికవుతుంది. లీటర్లతో ఇంధనాలను పోల్చడం మాత్రం వద్దు, ఇథనాల్ లీటర్లో పెట్రోల్ కంటే మూడోవంతు తక్కువ ఎనర్జీ, డీజిల్‌లో కాస్త ఎక్కువ.

గ్రాస్ కెలోరిఫిక్ విలువా నెట్ విలువా అన్నది చాలామంది దాటేసే గడి. మండినప్పుడు పుట్టే నీటి ఆవిరిలోని వేడిని కలిపితే గ్రాస్, వదిలేస్తే నెట్. బొగ్గు, ఆయిల్‌కి తేడా 5 శాతం, నేచురల్ గ్యాస్‌కి 10 శాతం వరకు. అంతర్జాతీయ ఎనర్జీ ఏజెన్సీ నెట్ వాడుతుంది, అమెరికా టేబుల్స్ గ్రాస్ వాడతాయి. రెండు చోట్ల నుంచి నంబర్లు తెచ్చి కలిపితే గ్యాస్ బస్సు ఎఫిషియెన్సీలో ఆ పది శాతం ఎక్కడి నుంచో ఊడిపడ్డట్టు ఉంటుంది.

మైలేజ్ సంగతి. లీటర్‌కి ఎన్ని కిలోమీటర్లు అన్నది వినడానికి బాగుంటుంది కానీ బళ్ళు పోల్చడానికి మంచి కొలత కాదు. 8 నుంచి 10కి మారిన బండి, 20 నుంచి 25కి మారిన బండి, రెండూ పావు వంతు మెరుగయ్యాయి, 10,000 కిలోమీటర్లకి మొదటిది 250 లీటర్లు మిగులుస్తుంది, రెండోది 100 మాత్రమే. వినేటప్పుడు రెండోదే గొప్పగా అనిపిస్తుంది. 100 కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు అని రాసుకుంటే ఈ భ్రమ ఉండదు. సగటు తీసేటప్పుడు ఇంకా ప్రమాదం, 10 ఇచ్చే బండి, 30 ఇచ్చే బండి చెరో 300 కిలోమీటర్లు తిరిగితే సగటు 20 కాదు, 600 కిలోమీటర్లకి 40 లీటర్లు అంటే 15. ఫ్లీట్ మేనేజ్ చేసేవాళ్ళు ఈ ఒక్కటి పట్టుకుంటే చాలు. బయటి దేశాల రివ్యూలు చదివితే అమెరికన్ గ్యాలన్ 3.785 లీటర్లు, బ్రిటిష్ గ్యాలన్ 4.546, అందుకని 30 ఎంపీజీ (గ్యాలన్‌కి 30 మైళ్ళు) అని ఇద్దరూ అన్నా ఒకటి 100 కిలోమీటర్లకి 7.8 లీటర్లు, ఇంకోటి 9.4. ఈవీలకి అమెరికాలో రాసే ఎంపీజీ ఈక్వివలెంట్ 33.7 కిలోవాట్ అవర్లని ఒక గ్యాలన్‌గా లెక్కేస్తుంది, పవర్ ప్లాంట్ సంగతి దాంట్లో లేదు, కాబట్టి దానికంటే 100 కిలోమీటర్లకి కిలోవాట్ అవర్లే చూడండి. టెస్ట్ పేరు కూడా చూడాలి, యూరప్‌లో 2017 నుంచి పాత ఎన్ఈడీసీ బదులు డబ్ల్యూఎల్‌టీపీ వచ్చింది, పాత టెస్ట్ నంబర్లు బాగా ఉదారంగా ఉండేవి, రెండు టెస్టుల రేంజ్‌లు (ఒక ఫుల్ ఛార్జ్‌కి పోయే దూరాలు) పక్కపక్కన పెట్టడం దండగ.

దేశాలను పోల్చేటప్పుడు ఆ కదలిక ఎవరి ఖాతాలో పడిందో చూడండి. యూరప్ రోడ్డు సరుకు లెక్కలు లారీ ఏ దేశంలో రిజిస్టర్ అయిందో ఆ దేశం ఖాతాలో వేస్తాయి, ఏ దేశం రోడ్డు మీద తిరిగిందన్నది వేరే. ఇంధనం లెక్కలు ఎక్కడ అమ్మారో అక్కడివి, లక్సెంబర్గ్‌లో పక్క దేశాల వాళ్ళు, దారిన పోయే లారీలు వచ్చి చవకని ట్యాంక్ నింపుకుని పోవడం వల్ల తలసరి ఇంధనం ఆకాశంలో కనిపిస్తుంది, అక్కడి జనం అంత నడుపుతారని కాదు. అంతర్జాతీయ ఓడలు, విమానాలు నింపుకునే బంకర్ ఇంధనమైతే దేశాల ఉద్గారాల మొత్తంలో కలవదు, విడిగా ఒక లైన్లో రాస్తారు, ప్రపంచ మొత్తంలో మాత్రం ఉంటుంది. దేశాలన్నీ కూడితే ప్రపంచం ఎందుకు రాలేదని తల గోక్కునేవాళ్ళకి ఒక జవాబు ఇక్కడ దొరుకుతుంది.

ఉద్గారాల్లో కార్బన్ అని రాశారా కార్బన్ డయాక్సైడ్ అని రాశారా చూసుకోండి, మొదటిదాన్ని 3.67తో గుణిస్తే రెండోది. మీథేన్ లాంటి వాయువుల వేడెక్కించే ప్రభావాన్ని కార్బన్ డయాక్సైడ్‌లోకి మార్చి కలిపిన ఈక్వివలెంట్ అయితే ఆ ప్రభావాన్ని వందేళ్ళకి లెక్కేశారా ఇరవై ఏళ్ళకా అన్నది గ్యాస్ బళ్ళ పోలికలో చాలా తేడా తెస్తుంది, డీజిల్, పెట్రోల్ మధ్య అయితే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

చివరిగా టన్ను, ఎమ్. అమెరికన్ షార్ట్ టన్ 907 కిలోలు, పాత బ్రిటిష్ లాంగ్ టన్ 1,016, మెట్రిక్ టన్ను 1,000, సోర్స్ అమెరికాది అయి టన్ను అని మాత్రమే రాసుంటే ముందు 907 అని అనుమానించండి. గ్యాస్ వ్యాపారంలో బీటీయూ ముందు ఒక ఎమ్ ఉంటే వెయ్యి, రెండు ఎమ్‌లు ఉంటే పది లక్షలు, అదే పేజీలో పక్క కాలమ్‌లో మెగావాట్‌లో వాట్ ముందున్న ఒక్క ఎమ్ పది లక్షలు. ఒకే షీట్‌లో ఈ రెండూ కనిపిస్తే ముందు కాలమ్ పేర్లు మీ చేత్తో పూర్తిగా రాసుకుని ఆ తర్వాతే ఫార్ములా పెట్టండి.